స్మిత్స్ మీటర్లు, హైదరాబాద్ రిపేర్లు: ఎంజీబీ డ్యాష్‌బోర్డుకు ఎన్ని మార్కులు?

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. డ్యాష్‌బోర్డులో మీటర్లన్నీ స్మిత్స్ కంపెనీవే. కొత్తలో అవెంత ముద్దొచ్చేవో ఇప్పుడు అనవసరం. యాభై అరవై ఏళ్లు పాతబడి, హైదరాబాదు ఎండనూ దుమ్మునూ మింగాక, ఒక్కోదాన్ని విప్పి బాగుచేసి మళ్లీ బిగించాలంటే ఎంతవరకు లొంగుతాయి? ఊళ్లో ఏ పని ఎవరి చేతికివ్వొచ్చు, ఎవరి చేతికివ్వకూడదు? ఈ మార్కులన్నీ దానికే. తీర్పు ముందే చెప్పేస్తాం: మీటర్లు గట్టివి, వాటిదాకా కరెంటు వచ్చే దారే నాసి. మీటరు పోయిందని డ్యాష్ ఊడదీసిన చాలా కార్లలో అసలు పోయింది ఏ ఎర్తో, కేబులో, వోల్టేజి స్టెబిలైజరో అయి ఉంటుంది.

కార్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే మొదట వినపడే మాట, "సార్, ఇది చచ్చిపోయింది, యూనివర్సల్ మీటర్ వేసేద్దాం" అని. ఒప్పుకోకండి. కొత్త మీటరు చూడ్డానికి తళతళలాడుతుంది గానీ ట్యాంకులో మట్టం చూసి మీటరుకు కబురంపే సెండర్ ఓమ్‌లకు అది కలవదు. సగం ట్యాంకుంటే ముప్పావు అంటుంది, వేడి నీళ్లను చల్లటివంటుంది. పైన పటారం, లోన లొటారం. పైగా ఆ సందడిలో పాత మీటరు పాత సామాన్ల డబ్బాలోకి వెళ్లిపోతే మళ్లీ చేతికి రాదు. మార్చినా సరే, పాతది మాత్రం వెంట తెచ్చుకోండి.

విప్పేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, కారు ఏ ఎర్త్ అన్నది, అంటే బ్యాటరీ ఏ కొన బాడీకి కలిపి ఉందన్నది. 1967 చివర్లో మార్క్ 2 మోడల్ వచ్చేదాకా ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్, డైనమోతో నడిచేవి. తర్వాతివి నెగటివ్ ఎర్త్, ఆల్టర్నేటర్. మోడల్ ఏడాది చూసి నమ్మేయకండి, మధ్యలో ఎవరో మార్చేసి ఉండొచ్చు. సీట్ల వెనక నేలలో ఉండే బ్యాటరీల దగ్గరికి వెళ్లి, ఏ కొన నుంచి వైరు బాడీకి వెళ్తోందో కళ్లతో చూడండి. ఇంజిన్ చుట్లు చూపే టాకోమీటరు, పాత స్టెబిలైజరు బదులు వేసే ఐసీ చిప్పు రెండూ దీనిమీదే ఆధారపడి ఉంటాయి. తిరగేసి ఇస్తే టాకోలో ట్రాన్సిస్టర్ కాలిపోవడానికి రెప్పపాటు చాలు.

ఎర్త్ వైరు తీశాక ఫోటోలు తీసుకుని, ఒక్కో వైరుకు మాస్కింగ్ టేపు చుట్టి పేరు రాసుకోండి. రంగులు తెలిస్తే సగం పని అయినట్టే. తెలుపు ఇగ్నిషన్‌ది. పచ్చరంగు (ఆకుపచ్చ) ఫ్యూజు దాటి వచ్చే కరెంటు. లేత పచ్చ మీద పచ్చ గీత ఉంటే స్టెబిలైజర్ నుంచి మీటర్లకు వెళ్లేది. పచ్చ మీద నల్ల గీత పెట్రోలు సెండర్‌ది, పచ్చ మీద నీలి గీత నీళ్ల వేడిది. ఎరుపు–తెలుపు మీటర్ల లైట్లు, నీలం–తెలుపు హైబీమ్, గోధుమ–పసుపు చార్జింగ్ లైటు. నలుపు ఎప్పుడూ ఎర్తే. అరవై ఏళ్ల మసితో పచ్చా గోధుమరంగూ ఒకేలా కనిపిస్తాయి. స్పిరిట్‌తో ఒక అంగుళం మేర తుడిచి చూస్తే అసలు రంగు బయటపడుతుంది.

మీటర్లను వెనకనుంచి యు ఆకారపు పట్టీలు, చేత్తో తిప్పే గీతల ఇత్తడి నట్లు పట్టుకుని ఉంటాయి. నట్టు పోతే ఏదో ఒక మెట్రిక్ నట్టు ఎక్కించేయడం మన షాపుల్లో మామూలే. ఇవి బీఏ అనే పాత ఇంగ్లీషు కొలత మరలు. మెట్రిక్ నట్టు రెండు చుట్లు బాగానే ఎక్కుతుంది, మూడో చుట్టుకు మీటరు వెనక కడ్డీ మరను తినేస్తుంది. రాణీగంజ్‌లో నట్లూ బోల్టులూ అమ్మే షాపుల్లో పాత నట్టు చూపించి, మర సరిపోతేనే కొనండి. లేదంటే లేత్ మీద చేయించుకోవడం మేలు.

ఇక ఎక్కువ మీటర్లు చచ్చేది ముఖం మీది క్రోమ్ రింగు తీసేటప్పుడే. రింగు లోపలి అంచుకు చిన్న చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. డబ్బా అంచులో వాటికి సరిపోయే గాళ్లుంటాయి. చెవులు గాళ్ల ఎదురుకు వచ్చేదాకా రింగు తిప్పితే దానంతటదే ఊడొస్తుంది. కానీ లోపలి రబ్బరు రాయిలా గట్టిపడి అద్దాన్ని, రింగును, డబ్బాను అతికించేసి ఉంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తారో, చెవి వంగుతుంది, ఆ వెనకే అద్దం పగులుతుంది. పద్ధతి ఇది: మీటరును బోర్లించి, రింగు అంచు చుట్టూ చుక్కచుక్కగా చొచ్చుకుపోయే నూనె వేయండి. ముఖం కిందికి ఉంటే నూనె డయలు మీదికి జారదు. ఒక రాత్రి అలాగే ఉంచండి. తెల్లారాక రబ్బరు చేతి తొడుగుతో రింగును గట్టిగా పట్టుకుని, కొంచెం అటు, కొంచెం ఇటు. ఒకే దిక్కుకు బలం పెట్టొద్దు. కదలకపోతే మళ్లీ నూనె, ఇంకో రాత్రి. ఓపికకు తప్ప దేనికీ ఖర్చు లేదు.

తెరిచాక అందరికీ చెయ్యి దురద పెట్టేది డయలు తుడవాలని. వద్దు. అంకెలు నలుపు మీద పలచగా అచ్చువేసిన రంగు. అద్దాలు తుడిచే ద్రవం, థిన్నర్, ఆల్కహాల్ ఏది తగిలినా అంకెతో సహా వచ్చేస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. గాలి బుడ్డితో ఊది, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతే. పొగచూరిన డయలుకు వయసు కనబడితే కనబడనివ్వండి. "డయలు కొత్తగా ప్రింటు వేసిస్తాం" అనేవాళ్ల పనిని పది రెట్ల భూతద్దం కింద చూడండి. అంకె అంచు చుక్కలు చుక్కలుగా ఉంటే అది స్టిక్కరు. అంచు నిండుగా, రంగు ముద్దగా ఉంటే స్క్రీన్ ప్రింట్. స్టిక్కరు మన వేసవిలో డ్యాష్ మీద పొక్కులు లేస్తుంది, ఆ పొక్కు ముల్లుకు అడ్డం పడుతుంది.

ఇక మార్కులు. మొదట పెట్రోలు మీటరు, కరెంటుతో నడిచే నీళ్ల వేడి మీటరు. రెండింటికీ 10కి 9. ఇవి బైమెటల్ మీటర్లు. రెండు లోహాల పట్టీకి సన్నటి తీగ చుట్టి ఉంటుంది, కరెంటు వెళ్తే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ముల్లు కదులుతుంది. పాడవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. అందుకే స్విచ్చి వేశాక ముల్లు నిదానంగా పాకుతూ పైకి వస్తుంది. తొలి ఏళ్ల కార్లలో పెట్రోలు ముల్లు టక్కున లేచి నిలబడేది. అది వేరే రకం, దానికి స్టెబిలైజర్ లేదు. కింద చెప్పేదంతా పాకే ముల్లు గురించే.

ఈ రెండు మీటర్లకూ 12 వోల్టులు నేరుగా రాకూడదు. డ్యాష్ వెనక అగ్గిపెట్టెకన్నా చిన్న రేకు డబ్బా ఒకటుంటుంది, అదే వోల్టేజి స్టెబిలైజరు. దాంట్లోనూ ఒక బైమెటల్ పట్టీ వేడెక్కి, కాంటాక్టు విడిపోయి, చల్లారి, మళ్లీ అతుక్కుంటూ కరెంటును తెగ్గొట్టి ఇస్తుంది. అలా సగటున 10 వోల్టులు. మీటర్లు నిదానం కాబట్టి ఈ కొట్టుకోవడం వాటికి తెలియదు. డిజిటల్ మల్టీమీటరు పెడితే మాత్రం సున్నా, పన్నెండు, సున్నా, పన్నెండు అని అంకెలు పిచ్చెక్కినట్టు ఎగురుతాయి. అది చూసి "స్టెబిలైజర్ పోయింది" అనేస్తారు. పోలేదు, దాని తీరే అంత. చిన్న టెస్టు బల్బు పెట్టి చూడండి. మిణుకు మిణుకుమంటుంటే పనిచేస్తున్నట్టు.

రోగం కనిపెట్టే సూత్రం సులువు. పెట్రోలూ వేడీ రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తుంటే స్టెబిలైజర్‌కు ఎర్త్ లేదు. రెండూ చచ్చి పడుంటే పచ్చ వైరు ఫ్యూజో, స్టెబిలైజర్ కాంటాక్టో. ఒక్కటే తప్పుగా ఉంటే ఆ మీటరో, దాని వైరో, సెండరో. డబ్బాకు ఎర్త్ అది బిగించిన ఒకే ఒక్క స్క్రూ ద్వారా వస్తుంది. స్క్రూ కింద పెయింటో తుప్పో ఉంటే లోపలి హీటరుకు కరెంటు తిరగదు, కాంటాక్టు విడిపోదు, మీటర్లకు నిరంతరం బ్యాటరీ వోల్టేజి వెళ్తుంది. హైదరాబాదులో దీనివల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. ఏప్రిల్‌లో వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరగానే రేడియేటర్ కడిగిస్తారు, థర్మోస్టాట్ మార్పిస్తారు, ఫ్యాను మార్పిస్తారు. పక్కనే ట్యాంకు కూడా అబద్ధంగా నిండిపోయి ఉందని ఎవరూ చూడరు. ఎమెరీ పేపరుతో ఆ స్క్రూ కింద రేకు మెరిసేలా గీకండి. చాలాసార్లు పని అక్కడికే ముగుస్తుంది. డబ్బా మీద పైకి ఏ వైపు ఉండాలో గుర్తు ఉంటుంది, పక్కకు తిప్పి బిగిస్తే లోపలి వేడి లెక్క తప్పుతుంది.

కాంటాక్టే కాలిపోతే దాని బదులు ఎప్పుడూ ఒకే వోల్టేజి ఇచ్చే ఐసీ వేయడం మంచి పని. దీనికి పైనుంచి తెప్పించుకునే రెడీమేడ్ ముక్కలున్నాయి గానీ, కోఠి గుజరాతీ గల్లీలో టీ, ఉస్మానియా బిస్కెట్ ఖర్చులో సామాను దొరుకుతుంది. నెగటివ్ ఎర్త్ కారుకు 7810 ఐసీ. పాత డబ్బా మూత మడతలు విప్పి లోపలి పట్టీ తీసేయండి, బయటి టెర్మినళ్లు అలాగే ఉంచండి. ఐసీ మొదటి కాలు బి అని రాసున్న టెర్మినల్‌కు, మూడో కాలు ఐ అని రాసున్నదానికి. వీపు రేకును డబ్బాకే బోల్టుతో బిగిస్తే ఎర్త్ వచ్చేస్తుంది, వేడీ పోతుంది. లోపలికి వచ్చే వైపు 0.33 మైక్రోఫారడ్, బయటికి వెళ్లే వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కాళ్లకు దగ్గరగా టంకం వేయండి. దూరంగా వైర్లతో లాగితే ప్రయోజనం లేదు. బిగించేముందు ఐ టెర్మినల్‌కు 100 ఓమ్, 2 వాట్ల రెసిస్టర్ తగిలించి, 13 వోల్టులు ఇచ్చి చూడండి, 10 రావాలి.

7810కి ఒక లోపం ఉంది. 10 ఇవ్వాలంటే దానికి పైన రెండు వోల్టుల దాకా మిగులు కావాలి. ఇంజిన్ ఆపి స్విచ్చి మాత్రమే వేసినప్పుడు, వైరింగులో తగ్గగా 12 కూడా అందకపోతే, ముల్లు కాస్త తక్కువ చూపిస్తుంది. ఇంజిన్ మొదలయ్యాక సర్దుకుంటుంది. అదీ సహించలేమంటే ఎల్ఎం 2940 రకంలో 10 వోల్టులది వేయండి. దాని అవుట్‌పుట్ వైపు కనీసం 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి, లేకపోతే ఐసీ నిలకడగా ఉండదు. పాజిటివ్ ఎర్త్ కారుకు 7910 కావాలి. ఇక్కడే తెలిసినవాళ్లు కూడా తప్పులో కాలేస్తారు: 79 వరుస ఐసీల వీపు రేకు ఎర్త్ కాదు, ఇన్‌పుట్. డబ్బాకు నేరుగా బిగిస్తే షార్టే. మధ్యలో మైకా ముక్క, బోల్టుకు ప్లాస్టిక్ బుష్ వేయాలి. కాళ్ల వరస కూడా వేరు. ఇంకోమాట, ఐసీ వేసినా స్క్రూ కింద ఎర్త్ శుభ్రం చేయకపోతే పాత కథే.

పెట్రోలు మీటరును కారులోంచి తీయకుండానే పరీక్షించొచ్చు. సెండర్ వైరు విప్పి, దాని స్థానంలో 22, 68, 220 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటిగా ఎర్త్‌కు కలపండి, 2 వాట్లవి. 22కు ముల్లు నిండు దరికి, 68కి సగం చుట్టుపక్కలకి, 220కి ఖాళీ దగ్గరికి రావాలి. ఒక్కోదానికీ నిమిషం ఆగి చూడాలి, ముల్లు తొందరపడదు. ఇవి సరిగ్గా చూపిస్తే మీటరుకు ఏమీ కాలేదు, ట్యాంకు దగ్గరికి వెళ్లండి. చూపించకపోతే మీటరు వెనక చిన్న బిళ్లలు మూసిన రెండు రంధ్రాలుంటాయి. లోపలి పళ్ల పట్టీలను పిసరంత జరిపితే ఒకటి ఖాళీ వైపును, రెండోది నిండు వైపును సరిచేస్తుంది. ఒకటి కదిపితే రెండోదీ కొంచెం మారుతుంది, కాబట్టి మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. సెండర్ తీసినప్పుడు దాని రబ్బరు సీలు తప్పకుండా మార్చండి. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు.

స్పీడోమీటరుకు 10కి 8. తిరిగే అయస్కాంతం, దానిమీద ముట్టుకోకుండా ఉండే అల్యూమినియం కప్పు, కప్పును వెనక్కి లాగే వెంట్రుకంత స్ప్రింగు, ఇంతే దాని యంత్రం. ముల్లు వణుకుతోందంటే మొదట అనుమానించాల్సింది కేబులునే. ఎక్కడా 6 అంగుళాల వ్యాసార్ధం కంటే బిగువుగా వంగకూడదు, మీటరు దగ్గరి చివరి 2 అంగుళాలు తిన్నగా ఉండాలి. లోపలి తీగకు గ్రీజు పలచగా రాసి లోపలికి తోశాక, మళ్లీ 8 అంగుళాలు బయటికి లాగి ఆ మేర తుడిచేయండి. చాలామంది కేబులు మొత్తానికీ దట్టంగా రాసేస్తారు. తిరిగే తీగ గ్రీజును స్క్రూలాగా పైకి ఎక్కించి మీటరులోకి నెట్టేస్తుంది. కప్పుకూ అయస్కాంతానికీ మధ్య గ్రీజు చేరితే ముల్లు 40 దగ్గర ఉండాల్సింది 70 చూపిస్తుంది. మీటరు వైపు లోపలి తీగ గొట్టం దాటి మూడెనిమిదో వంతు అంగుళం, అంటే 10 మిల్లీమీటర్ల దరిదాపు బయటికి ఉండాలి. తక్కువైతే పట్టుకోదు, ఎక్కువైతే మీటరు బేరింగును పొడుస్తుంది.

డయలు మీద కింద సన్నటి అక్షరాల్లో 1280 లాంటి అంకె ఉంటుంది. మైలుకు కేబులు ఎన్ని చుట్లు తిరగాలో అది. 60 మైళ్ల వేగమంటే నిమిషానికో మైలు కాబట్టి, నిమిషానికి 1280 చుట్లు తిప్పితే ముల్లు 60 మీద నిలబడాలి, 640కి 30 మీద. వేగం తగ్గించగల డ్రిల్లు, లేజర్ ఆర్‌పీఎం కౌంటరు ఉంటే టేబుల్ మీదే చూసేయొచ్చు. తిప్పే దిక్కు ముందు చేత్తో తిప్పి తేల్చుకోండి, మైళ్ల అంకె పైకి కదిలే వైపే సరైనది.

టైర్లో గేర్‌బాక్సో మారిన కారులో మీటరు మంచిదైనా అబద్ధం చెబుతుంది. దానికి స్మిత్స్ వాళ్ల లెక్క ఒకటుంది. కేబులును మీటరు నుంచి ఊడదీసి, లోపలి తీగ కొసకు అట్టముక్క బాణం గుచ్చండి. కారును తిన్నగా తోస్తూ వెనక చక్రం సరిగ్గా 6 చుట్లు తిరిగేలోపు బాణం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. దాన్ని 1680తో గుణించి, చక్రం ఇరుసు మధ్య నుంచి నేలకు ఉన్న ఎత్తుతో, అంగుళాల్లో, భాగించండి. ఎత్తు 11.8 అంగుళాలై, బాణం 9 చుట్లు తిరిగితే 1281 వస్తుంది, అంటే 1280 మీటరు ఆ కారుకు సరిపోయింది. 8 చుట్లే తిరిగితే 1139. మీటరు చూపేది అసలు వేగంకన్నా తక్కువ. అలాంటప్పుడు మీటరు తెరిచి ముల్లు జరిపితే ఏదో ఒక వేగం దగ్గర సరిపోవచ్చు గానీ మైళ్ల లెక్క తప్పుతూనే ఉంటుంది.

ముల్లు పీకడం, స్ప్రింగు సరిచేయడం, మైళ్ల చక్రాలు విప్పడం చేతిగడియారాలు బాగుచేసేవాళ్ల పని. ఆబిడ్స్, పాతబస్తీ వైపు ఈ విద్య ఇంకా బతికే ఉంది. కార్ మెకానిక్ కంటే వాళ్ల చేతికే మా ఓటు. ఇచ్చేముందు ఒక్కటి చెప్పండి: ముల్లును ఆపుగుబ్బ మీంచి దాటించి వదిలితే అది సహజంగా ఎక్కడ ఆగుతుందో డయలు అంచున పెన్సిలుతో గుర్తుపెట్టాకే పీకాలి. ఆ గుర్తు లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు అంతా గుడ్డి లెక్క. ముల్లుకు రంగు వేయమని ఎవరైనా అంటే ఒక పలచటి పూతతో ఆపమనండి, బరువు పెరిగితే తూకం తప్పుతుంది. మైళ్ల అంకెను ఉన్నదున్నట్టే తిరిగి పెట్టించండి.

టాకోమీటరుకు 10కి 6. చెడ్డదని కాదు, ఊళ్లో దీన్ని చదివినవాళ్లు తక్కువని. పాత రకం మీద ఆర్‌వీఐ అని రాసి ఉంటుంది. ఇగ్నిషన్ తెల్ల వైరు మీటరు వెనక ఉన్న ప్లాస్టిక్ దిమ్మెలోంచి ఒక చుట్టు చుట్టి, నిప్పురవ్వకు కరెంటిచ్చే కాయిల్‌కు వెళ్తుంది. కాయిల్ కరెంటు తెగిన ప్రతిసారీ మీటరుకు ఒక తట్టు. తర్వాతి రకం ఆర్‌వీసీ, కాయిల్ టెర్మినల్ నుంచి వేరే వైరుతో వోల్టేజి చూసుకుంటుంది. ఆర్‌వీఐలో చుట్టు తిరగబడితే ముల్లు కదలదు, లేదా ఊగులాడుతుంది. విప్పేముందు ఫోటో తీయమన్నది అందుకే. ఇంకో ప్రమాదం: ఇంజిన్‌కు వెళ్లే కరెంటంతా ఈ దిమ్మె దగ్గరి జాయింట్ల గుండానే వెళ్తుంది. అవి వదులైతే టాకో కాదు, పంజాగుట్ట సిగ్నల్లో ఇంజినే ఆగిపోతుంది. అప్పుడు పెట్రోలు పంపును అనుమానించి గంట వృథా చేస్తారు.

లోపల ముసలితనం వచ్చేది కెపాసిటర్లకు. విలువ జారిపోయి ముల్లు ఎక్కువో తక్కువో చూపిస్తుంది. అదే విలువ ఉన్న కొత్త ఫిల్మ్ కెపాసిటర్ వేసి, లోపల స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పే చిన్న రెసిస్టర్, అంటే ప్రీసెట్‌తో సరిచేయాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు రెండు నిప్పురవ్వలు, కాబట్టి సెకనుకు 50 తట్లంటే 1500 చుట్లు, 100 అంటే 3000, 200 అంటే 6000. కావలసినన్ని తట్లు పుట్టించే ఫంక్షన్ జనరేటర్ ఉన్న ఎలక్ట్రానిక్స్ కుర్రాడికి ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, మిగతాది వాళ్లే చేస్తారు. ఆర్‌వీఐకి మాత్రం సిగ్నల్ చాలదు, చుట్టులో నిజంగా కరెంటు పారాలి. 12 వోల్టులు, 4 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్, స్విచ్చిలా కరెంటును తెగ్గొట్టే ఒక మాస్‌ఫెట్‌తో 3 ఆంపియర్ల తట్లు ఇచ్చుకోవచ్చు. 3000 దగ్గర సరిచేసి 1500, 6000 దగ్గర తేడా ఎంతుందో చూసి, నడుపుతూ ఎక్కువగా వాడే వేగం దగ్గర తప్పు తక్కువుండేలా ఆపండి. మూడు చోట్లా సున్నా తప్పు రావాలని పట్టుబడితే రాత్రి నిద్ర ఉండదు.

ఆయిలు ఒత్తిడి, నీళ్ల వేడి కలిపి ఉండే తొలి రకం జంట మీటరుకు 10కి 5. ఆయిలు సగం సులువే. వంపు గొట్టం ఒత్తిడికి తెరుచుకుని ముల్లును తిప్పుతుంది. వెనక పైపు బిగించే చోట తోలు వాషరు ఉంటుంది. అది ఎండిపోతే బొట్టు బొట్టుగా ఆయిలు కాళ్ల దగ్గర కార్పెట్లోకి దిగుతుంది. కొత్త తోలును ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి వేయండి, నట్టు అతిగా బిగిస్తే తోలు నలిగి మళ్లీ కారుతుంది. కంప్రెసర్‌కు మంచి గేజితో పాటు దీన్నీ టీ ఆకారపు పైపు ముక్క మీద కలిపి 20, 40, 60 పీఎస్ఐ దగ్గర పోల్చి చూడండి. వేడెక్కిన మంచి ఇంజిన్‌లో నడుపుతూ 50 నుంచి 80, ఐడ్లింగులో 10 నుంచి 25 ఉండాలి.

వేడి సగమే తలనొప్పి. సన్నటి రాగి గొట్టంలో, కొసన ఉన్న బల్బులో ఈథర్ ఉంటుంది. గొట్టం ఎక్కడ నలిగినా, విరిగినా ఈథర్ ఎగిరిపోయి ముల్లు శాశ్వతంగా పడుకుంటుంది. మరో మీటరు బల్బూ గొట్టమూ తెచ్చి, బల్బును ఐసు, ఉప్పు కలిపిన గిన్నెలో ముంచి, గొట్టం కోసి, ఇత్తడి తొడుగుతో దీనికి టంకం వేయడం పద్ధతి. మొజంజాహీ మార్కెట్లో చేత్తో చేసే ఐస్‌క్రీమ్ గడ్డకట్టేది కూడా ఈ ఉప్పూ ఐసుతోనే. అయితే ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది, పైగా పెట్రోలుకంటే తేలిగ్గా అంటుకుంటుంది. మన మే నెల గదిలో అది ద్రవంగా కూడా నిలవదు. రేడియేటర్ టంకం షాపులో గ్యాసు మంట దగ్గరికి ఈ మీటరును తీసుకెళ్లకండి. ఈ ఒక్క పనికి ఇంగ్లండులోని నిపుణులకు పార్సిల్ చేయడమే మేలు, గొట్టాన్ని పెద్ద చుట్టగా చుట్టి, ఎక్కడా మడత పడకుండా. తిరిగొచ్చాక మరిగే నీళ్లలో బల్బు ముంచి చూసేటప్పుడు గుర్తుంచుకోండి: హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఫారన్‌హీట్ డయలు మీద ముల్లు 212 చేరక 209 దగ్గర ఆగితే మీటరును తిట్టకండి.

లైట్లకు 12 వోల్టుల, 2.2 వాట్ల చిన్న మర బల్బులు. మీటర్లు మసగ్గా ఉన్నాయంటే బల్బును కాదు, డబ్బా లోపలి తెల్లరంగును చూడండి. పసుపెక్కిపోయి ఉంటుంది, మళ్లీ తెల్లగా వేస్తే తేడా తెలుస్తుంది. ఎల్ఈడీలు వేస్తే కాంతి ఒకచోట మచ్చలా పడుతుంది, డిమ్మరు సరిగ్గా పనిచేయదు. వేసినా చార్జింగ్ లైటుకు మాత్రం వేయొద్దు. ఆల్టర్నేటర్ మేలుకోవడానికి కావలసిన కరెంటు ఆ ఫిలమెంటు బల్బు గుండానే వెళ్తుంది.

మూసేముందు కొత్త రబ్బరు రింగులు. పాతదాని మందం కొలిచి నైట్రైల్ రబ్బరు తాడు రాణీగంజ్‌లో కోయించుకోవచ్చు. మందం ఎక్కువైతే రింగు తిరగదు, తక్కువైతే అద్దం గలగలమంటుంది. క్రోమ్ వేయించేటప్పుడు రింగు చెవులను పాలిష్ చక్రానికి ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి, అరిగిన చెవి మళ్లీ పట్టదు. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వాడకండి, దాని ఆవిరి లోపలి రాగికి చిలుము పట్టిస్తుంది. సూపర్ గ్లూ వాడితే అద్దం లోపల తెల్లటి పొగ పేరుకుంటుంది, మళ్లీ విప్పాలి. జూలై, ఆగస్టు వానల్లో మూసిన మీటరు లోపల ఆ గాలి తేమే చిక్కుకుని, ఏసీ వేసిన రోజున, లేదా చలి తెల్లవారుజామున అద్దం మసకబారుతుంది. ఎండ కాసిన రోజు చూసి, విడి భాగాలను సిలికా జెల్ పొట్లాలతో ఒక డబ్బాలో రాత్రంతా ఉంచి, పొద్దున మూయండి.

డ్యాష్‌లో బిగించేటప్పుడు ఆయిలు పైపు ముందు, వైర్లు తర్వాత, స్పీడో కేబులు చివర. ఆయిలు పైపు తగిలించకుండా "ఒక్కసారి లైట్లు వస్తున్నాయేమో చూద్దాం" అని ఇంజిన్ తిప్పితే సీట్ల దాకా ఆయిలు చిమ్ముతుంది. బ్యాటరీ ఎర్త్ కలిపేముందు మధ్యలో 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, స్విచ్చి వేయకుండా గడియారం, హారన్ వైర్లలో షార్టు లేదని తేల్చుకోండి. ఫ్యూజు నిలబడితే తీసేసి అసలు వైరు బిగించండి. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక తోలు వాషరు దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూడండి, ఉంటే నట్టును ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే.